బాత్‌రూములో చారల పాము: కొండ కింది కాలనీల వాళ్లు ఏమి చేస్తున్నారు?

జీవకోన_కొత్తిల్లు
అందరికీ నమస్కారం. మేము వేసవిలో తిరుపతి జీవకోన దగ్గర సొంత ఇంటికి మారాము. వెనుక ప్రహరీ దాటితే బండలు, తుప్పలు, ఆపైన కొండే. నిన్న రాత్రి మా అత్తగారు బాత్‌రూము తలుపు తీసేసరికి వాషింగ్ మెషీన్ వెనుక సన్నటి పాము కనిపించింది. మూరెడు పొడవు ఉంటుంది. గోధుమ రంగు ఒంటి మీద తెల్లటి అడ్డచారలు. మేము కేకలు వేస్తుండగానే పైపు పట్టుకొని గోడ ఎక్కి వెంటిలేటర్ లోంచి బయటికి జారిపోయింది.

అప్పటి నుంచి ఇల్లు రెండు పార్టీలయింది. అది కట్లపామేనని, చూసిన క్షణంలోనే కొట్టి చంపాల్సిందని మామగారు. పామును చంపితే పిల్లలకు దోషం తగులుతుందని, ముందు శ్రీకాళహస్తి వెళ్లి రాహుకేతు పూజ చేయించాలని అత్తగారు. మా ఆయన మాత్రం ఏ పార్టీలోనూ చేరకుండా డబ్బా నిండా ఫినాయిల్ తెచ్చారు.

నాకు తెలియాల్సినవి రెండే. అది ఏ పాము? మళ్లీ రాకుండా ఏమి చేయాలి? పిల్లలు ఎండాకాలం అలవాటు కొద్దీ ఇంకా హాల్లో నేల మీద చాప వేసుకొనే పడుకుంటున్నారు. రాత్రంతా నాకు కునుకు లేదు.

రేణిగుంట_రైలు
వెల్లుల్లి దంచి ఇంగువ నీళ్లలో కలిపి గడపల దగ్గర చల్లండి. మా క్వార్టర్స్‌లో ఏళ్ల తరబడి ఇదే పద్ధతి. పాము ఆ వాసనకు రాదు. కుండీలో ఈశ్వరి తీగ పెంచినా మంచిదే.

కొండదారి
నేను పాములు పట్టి అడవి అంచున వదిలే పనిలో అటవీ శాఖ వాళ్లకు సాయం చేస్తుంటాను. చెల్లెమ్మా, ఫోటో లేకుండా ఖాయంగా చెప్పలేను కానీ, మీరు చెప్పిన దాన్ని బట్టి అది కట్లపాము కాకపోవచ్చు. ఇంగ్లీషులో వుల్ఫ్ స్నేక్ అంటారు, విషం లేనిది. మన ఊళ్లలో దీన్ని కూడా కట్లపాము అనే పిలిచి చంపేస్తారు. బల్లులను తినడానికి ఇళ్లలోకి వస్తుంది. గోడలు, పైపులు ఎక్కడంలో దానికి సాటి లేదు.

తేడా ఇలా ఉంటుంది. కట్లపాము నల్లగా, కొంచెం నీలం ఛాయతో నిగనిగలాడుతుంది. తెల్ల చారలు సన్నగా, చాలావరకు జంటలు జంటలుగా ఉంటాయి. తల దగ్గర చారలు ఉండవు, ఉన్నా మసకగా ఉంటాయి. నడుము నుంచి తోక వైపు వెళ్లే కొద్దీ స్పష్టమవుతాయి. వుల్ఫ్ స్నేక్‌కు దీనికి తలకిందులు. మెడ దగ్గరే మొదటి పట్టీ కంఠాభరణంలా కనిపిస్తుంది, తోక వైపు చారలు చెరిగిపోతాయి. ఒళ్లు నలుపు కంటే గోధుమ రంగుకు దగ్గర.

అయితే ఇది చదివి ఎవరూ చారలు లెక్కపెట్టడానికి దగ్గరికి వెళ్లకండి. చారలే లేని కట్లపాములు కూడా ఉంటాయి. చారలున్న పాము ఏదైనా సరే, గది తలుపు మూసి, కింద సందులో గుడ్డ కుక్కి, పట్టేవాళ్లకు ఫోను చేయండి. దూరం నుంచి ఫోటో తీస్తే చాలు.

రేణిగుంట అన్నా, వెల్లుల్లి, ఇంగువ, ఈశ్వరి తీగ, ఫినాయిల్, గంధకం దేనికీ పాము ఆగదు. ఫినాయిల్‌తో అప్పుడే కడిగిన మెట్ల మీదే నేను నాగుపామును పట్టాను. ఆ డబ్బాతో బాత్‌రూము కడుక్కోండి, దండగ కాకుండా ఉంటుంది.

జీవకోన_కొత్తిల్లు
మెడ దగ్గర తెల్ల పట్టీ ఉన్న మాట నిజమేనని మా అత్తగారు అంటున్నారు. మామగారు మాత్రం ఒప్పుకోవడం లేదు. "ఆ మాట చెప్పిన మనిషి చూశాడా?" అంటున్నారు.

కొండదారి
పెద్దాయన అడిగిందీ న్యాయమే. అందుకే ఆ పాము సంగతి అలా ఉంచి, పిల్లల పడక సంగతి ఈ రాత్రే చూడండి. చాప తీసేసి మంచం మీద పడుకోబెట్టండి. దోమతెర కట్టి అంచులు పరుపు కిందికి మడిచి దోపండి. నిజమైన కట్లపాము నుంచి కాపాడేది అదే. పగలు అది పిల్లి కంటే పిరికిది, ముట్టుకున్నా తల దాచుకుంటుంది. రాత్రి ఎలుకల కోసమో, వేరే పాముల కోసమో తిరుగుతూ పక్కల్లోకి దూరుతుంది. నిద్రలో మనం పక్కకు ఒత్తిగిలితే కాటు వేస్తుంది. కోరలు చాలా చిన్నవి. కొందరికి మెలకువ కూడా రాదు.

మామిడితోట_బంగారుపాళ్యం
ఊళ్లో కూర్చొని చంపొద్దని చెప్పడం సులువు. తోటలోకి వచ్చి చెప్పండి. మాకు తోతాపురి తోట, పక్కన వేరుశనగ చేను. రాలిన మామిడాకుల రంగు, రక్తపింజరి ఒంటి మీది మచ్చల రంగు ఒకటే. కాలు వేసేదాకా కనిపించదు. కుక్కర్ విజిల్ వచ్చేముందు ఆవిరి బుసకొట్టినట్టు శబ్దం చేస్తుంది కాబట్టి బతికిపోతున్నాం. చిన్న పింజరి అదీ చేయదు, పొలుసులు రాపాడించి గరగరమంటుంది. బోరు మోటారు చప్పుడులో అది ఎవరికి వినిపిస్తుంది?

మా దగ్గర పని చేసే మనిషికి కళ్లంలో మడమ పైన కాటు పడింది. నేను బండి తీసేలోపే వాళ్ల వాళ్లు మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్లారు. అక్కడ వేప మండలు, నల్లరాయి, పసరు. పెద్దాసుపత్రికి చేరేసరికి చిగుళ్ల నుంచి రక్తం, మూత్రం ఎర్రగా. మనిషి బతికాడు కానీ మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. చాలాకాలం డయాలసిస్‌కు తిప్పాం. ఇప్పుడు బరువు పని చేయలేడు. అందుకే నాకు పాము కనబడితే చేతిలో ఏది ఉంటే అదే.

కొండదారి
మీ బాధ నాకు తెలుసన్నా. తోటలో పని చేసేవాళ్ల కష్టం కాలనీల వాళ్లకు తెలియదు. ఒక్కటి మాత్రం చెప్పనివ్వండి. పామును కొట్టబోయి కాటు తిన్నవాళ్లను, చచ్చిందనుకొని ఎత్తబోయి కాటు తిన్నవాళ్లను నేను చాలామందిని చూశాను. తెగిన తల కూడా కాసేపటి దాకా కరుస్తుంది. తోటలో పని చేసేవాళ్లకు మోకాలి దాకా గమ్‌బూట్లు, రాత్రి నీళ్లు కట్టేటప్పుడు టార్చి, ఆకుల్లోకి చేయి పెట్టేముందు కర్రతో కదపడం. కాట్లు ఎక్కువగా పడేది పాదాలకూ పిక్కలకూ కాబట్టి బూట్ల ఖర్చు వృథా పోదు.

మామిడితోట_బంగారుపాళ్యం
బూట్లు కొనిచ్చాను. ఎండకు కాలు ఉడికిపోతుందని వేసుకోరు. చెట్టు కొమ్మకు తగిలించి వెళతారు.

పాత_నర్సమ్మ
నేను ప్రభుత్వ ఆసుపత్రి అత్యవసర విభాగంలో చేసి రిటైరయ్యాను. బంగారుపాళ్యం తమ్ముడు చెప్పిన మనిషి లాంటి వాళ్లు మాకు ప్రతి వానాకాలం వచ్చేవారు. పాము కంటే వాళ్లను ఎక్కువగా దెబ్బ తీసింది దారిలో పోయిన సమయమే.

కాటు పడితే మనిషిని కదలనివ్వకండి. నడిపిస్తే, పరుగెత్తిస్తే విషం త్వరగా పాకుతుంది. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, మొలతాడు, బిగుతు బట్టలు వెంటనే తీసేయండి, వాపు వస్తే అవే కోసేస్తాయి. కాటు పడిన కాలికో చేతికో చెక్క పెట్టి, విరిగిన ఎముకకు కట్టినట్టు వదులుగా కట్టండి. 108కి ఫోను చేయండి. అది రావడం ఆలస్యమయ్యేలా ఉంటే ఏ బండి దొరికితే ఆ బండి. బైకు మీదైతే ఇద్దరి మధ్య కూర్చోబెట్టండి. సమయం గుర్తుపెట్టుకోండి.

తాడు బిగించి కట్టవద్దు. చింపిరి గుడ్డతో గట్టిగా కట్టి తెచ్చిన కాళ్లు నల్లబడిపోవడం నేను చూశాను. కట్టు విప్పగానే విషం ఒక్కసారిగా పైకి ఎక్కుతుంది కూడా. కోయడం, నోటితో పీల్చడం, ఐసు పెట్టడం, పసరు పోయడం ఏదీ వద్దు. పామును చంపి సంచిలో తేనక్కర్లేదు. లక్షణాలు చూసి వైద్యం చేస్తారు. పింజరి కాటని అనుమానం ఉంటే రక్తాన్ని గాజు గొట్టంలో 20 నిమిషాలు కదల్చకుండా ఉంచి గడ్డ కడుతుందా లేదా చూస్తారు.

చెల్లెమ్మ ఇంట్లో పిల్లలున్నారు కాబట్టి కట్లపాము గురించి ఇంకో మాట. దాని కాటుకు వాపు ఉండదు, నొప్పి ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, గొంతు పట్టేయడం, రెప్పలు వాలిపోవడం కనిపిస్తాయి. రాత్రి తిన్నది పడలేదేమోనని వాము నీళ్లు తాగించి పడుకోబెడతారు. రెప్పలు ఎత్తలేకపోతున్నారంటే ఇక ఆలోచించకండి, బయల్దేరండి. ఊపిరి కండరాలు పడిపోయేలోపు వెంటిలేటర్ ఉన్న చోటికి చేరాలి.

పిల్లలకు విరుగుడు మందు మోతాదు తగ్గించరు. పాము చిన్న పిల్ల కదా అని విషం తక్కువ పెట్టదు. మొదటే 8 నుంచి 10 వయల్స్, అంటే చిన్న సీసాల మందు, ఎక్కిస్తారు. ఏమీ తెలియని కాటైనా ఒక రోజంతా ఆసుపత్రిలోనే ఉంచి చూస్తారు. సాయంత్రానికి బాగానే ఉన్నాం కదా అని సంతకం పెట్టి వెళ్లిపోవద్దు.

బెంగళూరు_చిత్తూరు
నర్సమ్మ గారూ, ఈ పోస్టు ప్రింటు తీసి మా అమ్మానాన్నలకు పంపుతున్నాను. మురకంబట్టు వైపు ఇంట్లో ఇద్దరే ఉంటారు. వాళ్ల సమస్య వేరే. పెరట్లో ఉడుము చేరింది. కోళ్ల గూటిలో గుడ్లు మాయం. నాన్న దాన్ని ఏమీ అనరు. "అది ఉంటే పాము రాదు" అంటారు. ఇది నిజమా?

కొండదారి
ఉడుము పాము గుడ్లు, చిన్న పాములు, ఎలుకలు అన్నీ తింటుంది. కోడిగుడ్లూ తింటుంది. ఉడుము ఉంటే పాము రాదని హామీ లేదు, ముంగిస ఉన్నా అంతే. కోళ్ల గూడు ఉన్నంతకాలం గింజలకు ఎలుకలు, ఎలుకలకు పాములు వస్తూనే ఉంటాయి. గూటిని నేల నుంచి ఎత్తులో పెట్టించి, సన్న కన్నుల ఇనుప జాలీ కొట్టించండి. రాత్రి గింజలు నేల మీద ఉంచవద్దని అమ్మగారికి చెప్పండి. ఉడుమును పట్టి మాంసం చేసుకుంటామని ఎవరైనా వస్తే మాత్రం పంపేయండి, అది చట్టం ప్రకారం పెద్ద నేరం.

చంద్రగిరి_మాస్టారు
జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని. ఇంతసేపు ఊరుకోవడమే ఎక్కువ.

పాము పాలు తాగదు. దానికి పాలను జీర్ణం చేసుకునే ఏర్పాటు లేదు. పండుగ ముందు రోజుల తరబడి దాహంతో మాడ్చిన పాము ఏ ద్రవం పెట్టినా నోరు పెడుతుంది, అది చూసి తాగిందంటాం. నాగుల చవితికి పుట్టలో పోసే పాలు చీమలకు చేరతాయి. మీ భక్తికి నేను అడ్డు రాను, పుట్ట దగ్గర దీపం పెట్టి దండం పెట్టుకోండి. పాలు పిల్లలకు పోయండి.

పాము పగ పట్టదు. చచ్చిన పాము ఒంటి వాసనకు, ముఖ్యంగా జత కట్టే కాలంలో, ఇంకో పాము రావచ్చు. దాన్ని మనం పగ అన్నాం. సినిమా వాళ్లు దాని మీద బతికారు.

జెర్రిపోతు నాగుపాముతో జత కడుతుందని, ఆవు పొదుగుకు చుట్టుకొని పాలు తాగుతుందని అంటారు. రెండూ కట్టుకథలే. పొలం గట్టు మీద రెండు జెర్రిపోతులు పెనవేసుకొని నిలువునా లేస్తే, సయ్యాట అని కొత్త వస్త్రం కప్పి దాచుకుంటారు. చాలాసార్లు అవి రెండూ మగవే! ఆడదాని కోసం కుస్తీ పడుతుంటాయి. జెర్రిపోతుకు విషం లేదు. ఎలుకల కన్నాల్లోకి దూరి పిల్లలతో సహా తినేది అదే. మామిడితోట వారూ, ఆ ఒక్క పామునైనా వదిలేయండి, వేరుశనగ బస్తాలకు కాపలా ఉంటుంది.

జీవకోన చెల్లెమ్మ మామగారికి నా తరఫున ఒక మాట చెప్పండి. మన దేశంలో పాముకాటుతో 2000 నుంచి 2019 దాకా సుమారు 12 లక్షల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఏడాదికి దాదాపు 58 వేలు. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మనదీ ఉంది. కాబట్టి ఆయన భయానికి ఆధారం లేకపోలేదు. ఇళ్లలో కనిపించే పాముల్లో ఎక్కువ వాటికి విషం లేదన్నదీ అంతే నిజం.

రేణిగుంట_రైలు
మాస్టారూ, విరుగుడు మందు పాము విషంతోనే చేస్తారంటారు, అదైనా నిజమేనా?

చంద్రగిరి_మాస్టారు
నిజమే. గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తంలో తయారయ్యే విరుగుడును వేరు చేస్తారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటికీ ఒకే మందు. ఆ విషం చాలావరకు మనకు పక్కనే, చెన్నై దగ్గర ఇరుళ గిరిజనుల సహకార సంఘం నుంచి వస్తుంది. 1978లో పెట్టారు. ఒకప్పుడు తోళ్ల కోసం పాములను పట్టిన కుటుంబాలే ఇప్పుడు పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదులుతున్నారు. మంత్రగాడి దగ్గరికి పరుగెత్తే మనకు అసలు మందు వాళ్ల చేతుల మీదుగా వస్తోంది.

మంగళం_మేడమీద
పాముల మధ్య నా గోల వినండి. మా ఇంటి అటక మీద రాత్రి పదకొండు దాటితే ఎవరో నడుస్తున్నట్టు చప్పుడు. ఎలుకలనుకొని బోను పెడితే నల్లటి మూతి, పొడుగు తోకతో పిల్లి లాంటిది టార్చి వెలుగులో నన్నే చూసింది. సపోటా గింజలు అటక నిండా. ఒక విచిత్రమైన వాసన. పునుగు పిల్లి అని ఎదురింటి వాళ్లు, దానికి దండం పెట్టమంటున్నారు.

చంద్రగిరి_మాస్టారు
అటకలెక్కి పండ్లు తినేది, నల్ల మూతిది అయితే తాటి పునుగు అంటారు, కొందరు మానుపిల్లి అంటారు. శ్రీవారికి శుక్రవారం అభిషేకం తర్వాత పునుగు తైలం పూస్తారు కదా, ఆ తైలం ఇచ్చేది ఒంటి మీద చిన్న మచ్చలుండే పునుగు, దీనికి బంధువు. దండం పెట్టడం మీ ఇష్టం. పగలు అది లేనప్పుడు వచ్చే దారి మూసేయండి. పిల్లలు ఉన్నాయేమో ముందు చూసుకోండి, ఉంటే అవి పెద్దవై వెళ్లేదాకా కొన్ని వారాలు ఓపిక పట్టండి.

తిరుచానూరు_వీధి
2021 నవంబరు వరదలు ఎవరికైనా గుర్తున్నాయా? స్వర్ణముఖి పొంగిన ఆ రాత్రి మా వీధి మెట్ల మీదికి నీళ్లతో పాటు అన్నీ వచ్చాయి. జెర్రులు, తేళ్లు, కప్పలు, నీరుకట్టెలు. వంటింటి గట్టు మీద నీరుకట్టె, దాని పక్కనే పందికొక్కు. రెండూ ఒకదాన్నొకటి పట్టించుకోలేదు. నీళ్లు తీశాక తడిసిన పరుపులు, బట్టల మూటలు ఎత్తేటప్పుడు జాగ్రత్త అవసరం. మా పక్కింటి ఆవిడకు మూట కింద తేలు కుట్టింది. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి జీవకోన వాళ్లు ఇంటి వెనుక తూము ఇప్పుడే చూసుకోండి.

కరకంబాడి_బైపాస్
మా కాలనీలో ఒకాయనకు పునాది తవ్వుతుంటే రెండు తలల పాము దొరికింది. లక్షలు ఇస్తామని ఎవరో ఫోను చేశారట. నిజంగా అంత ధర ఉంటుందా?

కొండదారి
ఉండదు. దానికి రెండు తలలూ లేవు, తోక మొద్దుగా ఉంటుంది అంతే. గుప్తనిధులు చూపిస్తుందని, మందులకు పనికొస్తుందని మోసగాళ్లు పుట్టించిన వ్యాపారం. కొన్నవాడూ అమ్మినవాడూ 1972 వన్యప్రాణి చట్టం కింద జైలుకు వెళతారు. ఆయనను వెంటనే అటవీ శాఖకు అప్పగించమనండి. ఫోను చేసినవాడి నంబరు కూడా ఇవ్వమనండి.

మామిడితోట_బంగారుపాళ్యం
కొండదారి తమ్ముడూ, కోపంగా అడగడం లేదు. నువ్వు పట్టిన పాములను ఎక్కడ వదులుతున్నావు? మా ఊరి చెరువు గట్టు మీద సంచులు విప్పి వదిలిపోయేవాళ్లను మేము చూశాం. మీ కాలనీ పాము మా తోటకు వస్తే అది రక్షణ ఎలా అవుతుంది?

కొండదారి
అన్నా, ఆ ప్రశ్న అడగాల్సిందే. అలా చేసేవాళ్లు ఉన్నారు, తప్పు. పామును దూరం తీసుకెళ్లి వదిలితే దానికి నీళ్లెక్కడో, దాక్కునే చోటెక్కడో తెలియక తిరిగి తిరిగి చస్తుంది, లేకపోతే ఇంకో ఇంట్లో దూరుతుంది. పట్టిన చోటుకు దగ్గరలోనే, మనుషుల రాకపోకలు లేని తావు చూసి, అటవీ సిబ్బందికి చెప్పి వదలాలి. కాలనీల వాళ్లకు ఇది నచ్చదు. "ఇంత దగ్గరా?" అంటారు. కొండ అంచు దాకా స్థలాలు కొని ఇళ్లు కట్టుకున్నది మనమే కదా. శేషాచలాన్ని 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. గీత దాటి ఇవతలికి రాకూడదని పాములకు ఎవరూ చెప్పలేదు.

మంగళం_మేడమీద
స్థలాలు అమ్మిన లేఔటు వాళ్లు బ్రోచరులో "ప్రకృతి ఒడిలో" అని రాశారు. ప్రకృతి అటక మీదికి వస్తుందని రాయలేదు.

జీవకోన_కొత్తిల్లు
అందరికీ ధన్యవాదాలు. ఇప్పటికి చేసినవి: పిల్లలకు మంచాలు, దోమతెరలు. బాత్‌రూము తూముకు, వెంటిలేటర్‌కు సన్న జాలీ. తలుపుల కింద రబ్బరు పట్టీ, వెలుతురు కూడా దూరకుండా. ఇల్లు కట్టినప్పటి ఇటుకల గుట్ట, కొబ్బరి మట్టలు ఇంకా వెనుక గోడకు ఆనుకొనే ఉన్నాయి. రేపు కూలీలు వస్తున్నారు. కర్రతో కదపకుండా చేయి పెట్టవద్దని మామగారే వాళ్లకు చెబుతానన్నారు. నర్సమ్మ గారి పోస్టును ఆయనే పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించారు. చంపాలన్న మాట మాత్రం ఇంకా వెనక్కి తీసుకోలేదు. అత్తగారు శ్రీకాళహస్తికి టిక్కెట్లు బుక్ చేశారు.

ఒక చిన్న అనుమానం. ఇటుకల గుట్ట దగ్గర రాగి రంగులో మెరిసే, చిన్న కాళ్లున్న పాము లాంటిది ఉంది. పిల్లలు దాన్ని పాము పిల్ల అంటున్నారు.

కొండదారి
కాళ్లు ఉంటే పాము కాదు చెల్లెమ్మా, నలికీచు. బల్లి జాతి. కరిచినా విషం లేదు. కూలీలకు ముందే చెప్పండి, దాన్ని చూసి పార వేస్తారు. గుట్ట తీసేటప్పుడు పైవరస నుంచి మొదలుపెట్టమనండి, పొద్దెక్కాక. నేను పది గంటలకు అటువైపు వస్తున్నాను, కావాలంటే కాసేపు నిలబడతాను.

జీవకోన_కొత్తిల్లు
తప్పకుండా రండి అన్నా. మామగారు మిమ్మల్ని చారల గురించి అడగాలని కాచుకొని ఉన్నారు.